ఎదురుకాళ్లదానికి చెప్తే చెప్పినట్టు కాదు

"ఇంక ఎవరినైనా తొక్కుతావా అమ్మా?" అని అడిగాడు డాక్టరు, కారు తలుపు పట్టుకుని.

"ముందు అడుగుతా సార్. అడిగినాక ఎట్లాగూ తొక్కలేను గదా" అన్నాను.

ఆయన నవ్వి కారెక్కాడు. అంతే. ఆ తర్వాత ఆయన గొంతు నేను వినలేదు, నా గొంతు ఆయన వినలేదు. నంద్యాలలో క్లినిక్ మూసేసి, వాళ్లావిడకు ఉద్యోగం వచ్చిన ఊరికి వెళ్లిపోయాడు. ఇప్పుడు అదే గదిలో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. నేను కూడా పని మానేసి ఇంట్లో ఉన్నాను.

ఇది రాస్తున్నది నా చెల్లెలి కూతురు. గోస్పాడులో పంతులమ్మ. నడుము నొప్పి అని చేతివైద్యానికి పోయేవాళ్లకు ఏం తెలిసుండాలో నన్ను చెప్పమంది. నాకు సంతకం చేయడం, బస్సు మీద ఊరి పేరు పోల్చుకోవడం, అంతవరకే వచ్చు. కాబట్టి మాటలు నావి, అక్షరాలు దానివి. దాని బడిలో చదివే మీరు చిన్నవాళ్లు, మీ నడుములు ఇంకా గట్టిగా ఉంటాయి. అయినా వినండి.

బోర్డు మీద కైరోప్రాక్టర్ అని ఉండేది. ఆ మాట నాకు నోరు తిరగడానికి చాలా రోజులు పట్టింది. మా దగ్గరికి వచ్చేవాళ్లు ఆ తిప్పలేమీ పడకుండా 'టక్కుమనిపించే డాక్టర్' అనేవాళ్లు. ఆయన మాత్రలు రాయడు, సూది వేయడు, కత్తి పట్టడు. వెన్నులోని కీళ్లు, మెడ, భుజం, తుంటి, వీటిని చేతులతో చూసి, చేతులతోనే కదిలిస్తాడు. అంతవరకే తన పని అని వచ్చిన ప్రతివాళ్లకూ ముందే చెప్పేవాడు. ఎవరైనా షుగరు కూడా తగ్గుతుందా అని అడిగితే, "తగ్గుతుందని చెప్పేవాడి దగ్గర నుంచి చెప్పులు తీసుకుని లేచిపోండి" అనేవాడు.

మా ఆయన ఆళ్లగడ్డలో రాతి బొమ్మలు చెక్కే పనిలో ఉండేవాడు. ఆ రాతిపొడికి ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు. ఆ తర్వాతే నేను ఈ పనిలో చేరాను. ఊడ్చడం, బల్ల మీది దుప్పట్లు మార్చడం, ఆడవాళ్లు పడుకున్నప్పుడు లోపల నిలబడడం. ఇంకొక పని కూడా ఆయనే అంటగట్టాడు. కొత్తవాళ్లతో మాట్లాడడం. నా గొంతు చిన్నప్పటి నుంచీ ఇంతే, రంపం పెట్టి కోసినట్టు ఉంటుంది. "సార్, నా గొంతుకు పిల్లోళ్లు ఏడుస్తారు, ఈళ్లకు నేనేం చెప్తా" అన్నాను. "నీ గొంతు విని తట్టుకున్నవాళ్లు నా చేతులకు భయపడరమ్మా" అన్నాడు.

కొత్తవాళ్లకు మొదటి భయం ఆ చప్పుడు. పక్కకు పడుకోబెట్టి, భుజం ఒకవైపు, తుంటి ఒకవైపు పట్టి చిన్న తోపు తోస్తాడు. లోపల టక్కుమంటుంది. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ల ప్రాణం గొంతులోకి వస్తుంది. ఒకసారి మిరపకాయల వ్యాపారి ఒకాయన ఆ చప్పుడు విని చెప్పులు వదిలేసి వెళ్లిపోయాడు. మరుసటి రోజు చెప్పుల కోసం వచ్చి, ఎటూ వచ్చాను కదా అని పడుకున్నాడు.

నాకూ ఆ చప్పుడు ఏమిటో తెలుసుకోవాలని ఉండేది. అడిగాను. వేళ్లు విరుచుకుంటే వచ్చే చప్పుడు లాంటిదే అన్నాడు. కీలులో జిగురులాంటి నీళ్లు ఉంటాయట, కీలు సాగినప్పుడు ఆ నీళ్లలో గాలి చేసే చప్పుడట. ఎముక విరిగేది కాదు, అరిగేది కాదు.

"చప్పుడు రాకపోతే పని కానట్టా సార్?"

"కాదు. వచ్చినంత మాత్రాన అయినట్టూ కాదు."

ఈ రెండో మాట నాకు బాగా నచ్చింది. చాలామందికి చెప్పాను. ఎవరికీ నచ్చలేదు. దూరం నుంచి వచ్చినవాళ్లకు చప్పుడు కావాలి. అది వినపడకపోతే ఉత్తచేతులతో తిరిగిపోతున్నట్టు మొహం పెట్టేవాళ్లు.

కొత్తవాళ్లను నేను నా పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేదాన్ని. వదులు బట్టలు వేసుకొని రండి. ఇంట్లో పాత ఎక్స్‌రే ఉంటే బీరువా మీద దుమ్ము పట్టనివ్వకుండా తెచ్చి ఇవ్వండి. ఊపిరి బిగబట్టొద్దు. మరునాడు ఒళ్లు కొంచెం నొప్పిగా ఉంటుంది, కొత్తగా పొలం పని చేసినవాళ్లకు ఉన్నట్టు. అది రెండు రోజులకు పోవాలి, పోకపోతే మళ్లీ వచ్చి చెప్పండి. డాక్టరు మెడ మీద చెయ్యి వేస్తానంటే ఎందుకు అని అడగండి, వద్దనిపిస్తే వద్దనండి. వద్దంటే ఆయనకు కోపం రాదు. కోపం వచ్చేవాడైతే ఆయన దగ్గరికి పోవద్దు. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటుంటే, కడుపుతో ఉంటే, ఎప్పుడైనా పడి ఎముక విరిగి ఉంటే, వయసుకు ఎముకలు గుల్లబారాయని ఎవరైనా అని ఉంటే, అడగకముందే చెప్పండి.

ఇక్కడే మావాళ్లతో చిక్కు. మావాళ్లు చెప్పరు. పడ్డావా అంటే లేదు. ఎవరైనా లాగారా అంటే లేదు. మాత్రలేమైనా మింగుతున్నావా అంటే లేదు, సంచిలో మాత్రలు గలగలమంటుంటాయి. ఎందుకు ఇట్లా అని నేను చాలా ఆలోచించేదాన్ని. శిరివెళ్ల నుంచి వచ్చిన ఒక పెద్దాయనను ఒకసారి నేరుగానే అడిగాను. "నేను చెప్తే ఇంక ఆయప్ప గొప్ప ఏముందమ్మా? చెయ్యి పట్టుకొని ఆయప్పే చెప్పాల" అన్నాడు. డాక్టరుకు పరీక్ష పెట్టడానికి వచ్చినట్టు వచ్చేవాళ్లు. పరీక్షలో తప్పేది మాత్రం వాళ్ల నడుమే.

ఇక నా సంగతి ఒకటి చెప్పాలి. అది చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు.

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. తల ముందు రావాల్సింది కాళ్లు ముందొచ్చాయి. అట్లా పుట్టినవాళ్లు తొక్కితే నడుము పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. నాకు నడక వచ్చినప్పటి నుంచే నన్ను ఇంటింటికీ ఎత్తుకుపోయేవాళ్లు. తెల్లవారుజామున, ఎవరితోనూ మాట్లాడకముందే, వాకిట్లో గోనెసంచి పరుచుకుని నడుము పట్టినవాళ్లు బోర్లా పడుకుంటారు. నేను ఎడమ కాలితో నడుము మీద తొక్కి దిగుతాను. వాళ్లు లేచి, వెనక్కి చూడకుండా లోపలికి పోతారు. వచ్చే ఆదివారం దాకా తొక్కించుకున్నామని ఎవరికీ చెప్పకూడదు. నోరిప్పితే నొప్పి తిరిగొస్తుందని. నాకు ఒక బెల్లం ముక్క దొరికేది. మా ఊళ్లో అందరి వీపులూ నాకు తెలుసు, కొందరి మొహాలు తెలియవు.

క్లినిక్‌లో బెంచీ దగ్గర పేర్లు పిలిచే అమ్మాయి ఒకతె ఉండేది, ముస్లింల పిల్ల, నోరు ఊరుకోదు. అదే ఈ సంగతి డాక్టరు చెవిన వేసింది. "సార్, మీకు పోటీ ఈడనే ఉంది, మీరు దినమంతా చేసేది ఈయక్క ఒక కాలితో చేస్తాది." ఆయన నవ్వుతాడని అనుకున్నాను. నవ్వలేదు. దిండు ఒకటి కింద వేసి, "ఎలా తొక్కుతావో చూపించమ్మా" అన్నాడు. తొక్కాను. మడమ ఎక్కడ ఆనిస్తావు, బరువంతా వేస్తావా, సగమే వేస్తావా, అని పిల్లాడిలా అడిగాడు. ఆఖరున అడిగాడు.

"ఎంతమందికి తగ్గింది?"

"ఎట్లా తెలుస్తుంది సార్? వాళ్లు చెప్పకూడదు గదా."

అప్పుడు నవ్వాడు. బల్ల మీద కూర్చుని నవ్వాడు. నేను ఇంటికి పోయి అన్నం తింటూ ఆలోచిస్తే నాకూ నవ్వొచ్చింది. తగ్గినవాళ్లు ఆదివారం పోయాక చెప్పుకునేవాళ్లు. తగ్గనివాళ్లు, మధ్యలో నోరు జారి ఉంటాం అనుకుని ఊరుకునేవాళ్లు. ఈ కట్టుబాటు ఉన్నంత కాలం నా కాలు ఎప్పుడూ ఓడిపోదు. అట్లాగని నా కాలులో ఏమీ లేదని నాకు అనిపించలేదు. ఉందో లేదో తెలుసుకునే దారి లేదని మాత్రం మొదటిసారి తెలిసింది.

తొక్కొద్దని ఆయన నాకు చెప్పలేదు. క్లినిక్‌లో మాత్రం వద్దన్నాడు. "పట్టేసిన కండ చాలాసార్లు దానంతటదే వదులుతుందమ్మా. అప్పుడు ఎవరు తొక్కినా ఒకటే. కానీ లోపల డిస్క్ జారి ఉంటే నీ బరువు ఎక్కడికి పోతుందో నీకు తెలియదు. అడగకుండా నాకూ తెలియదు" అన్నాడు.

వారానికి ఒకరోజు ఆళ్లగడ్డలో ఒక ఇంటి ముందుగది అద్దెకు తీసుకుని చూసేవాడు. ఆయన, నేను, పేర్లు పిలిచే అమ్మాయి, ముగ్గురం ఆయన కారులోనే పోయేవాళ్లం. అక్కడ వచ్చేవాళ్లు రాళ్లు చెక్కేవాళ్లు, ఆటోలు తోలేవాళ్లు, వరినాట్లు వేసే ఆడవాళ్లు. సగం మందికి నేను తెలుసు. రాతిపని ఆయన పెండ్లాం, ఎదురుకాళ్లది అని.

ఆ రోజు శిరివెళ్ల దగ్గర పల్లె నుంచి ఆలుమగలు ఆటోలో వచ్చారు. ఆయన ఆళ్లగడ్డలోనే బొమ్మల రాళ్లు బండి నుంచి దించే పని చేస్తాడు. ఆమెకు నలభై ఉంటాయేమో, నాట్లు వేసే మనిషి. మొగుడి భుజం పట్టుకుని అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది, కానీ మొహం నవ్వుతూ ఉంది. నొప్పితో వచ్చేవాళ్ల మొహం అట్లా ఉండదు. ఏందబ్బా ఇది అని చూశాను.

"నొప్పి పోయింది సార్" అంది కూర్చోకముందే. "మొన్నటిదాకా పానం పోయింది. ఈపొద్దు ఏమీ లేదు. కాళ్లు తిమ్మిరెక్కినాయి, అది ఒగటే. అదొక్కటి సర్ది పంపిస్తే పోతాం."

"ఫోను చేసి వస్తామని సార్‌కు మాట ఇచ్చినాం గదా, రాకపోతే బాగుండదని వచ్చినాం" అన్నాడు మొగుడు. నా వైపు చూసి, "బాగుండావా అక్కా" అని పలకరించాడు.

డాక్టరు ఆమెను బల్ల మీద పడుకోబెట్టాడు. కాళ్లు ఎత్తి చూశాడు, మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టి చూశాడు. బొటనవేలు మీద తన వేలు పెట్టి పైకి లేపమన్నాడు. ఆయన మొహం నాకు అలవాటు. మాటలు తగ్గుతున్నాయంటే ఏదో కనపడిందని. మూత్రం ఎట్లా వస్తోంది అని అడిగాడు. ఆమె గోడ వైపు తిరిగింది.

"అంతా బాగుండాది సార్."

"ఎవరైనా నడుము లాగారా? తొక్కారా?"

అప్పటిదాకా అన్నిటికీ ఏదో ఒకటి అన్న మనిషి, దీనికి లేదు అని కూడా అనలేదు. పెదాలు బిగించుకుంది. ఫ్యాను వైపు చూస్తూ పడుకుంది.

డాక్టరు నన్ను తలుపు దగ్గరికి పిలిచాడు. "అమ్మా, నడుము కింద నరాలు నొక్కుకుపోతున్నాయని నా అనుమానం. నిజమైతే ఈరోజే ఆపరేషన్ కావాలి. ఆలస్యమైతే కాళ్లు తిరిగి రాకపోవచ్చు. ఆమె చెప్పినా చెప్పకపోయినా కర్నూలు పంపుతాను. కానీ అక్కడ అడిగే మొదటి ప్రశ్న ఇదే. అక్కడా ఇలాగే గోడ వైపు తిరిగితే గంటలు పోతాయి. నాతో చెప్పదు. నువ్వు అడుగు." అని ఆమె మొగుణ్ణి తీసుకుని ముందుగదిలోకి పోయాడు.

నేను స్టూలు లాక్కొని ఆమె తల దగ్గర కూర్చున్నాను.

"ఏం మే, ఎవురు తొక్కినారు?"

మాట్లాడలేదు.

"ఈడ మొగోళ్లు ఎవురూ లేరు. చెప్పు."

మాట్లాడలేదు. కోపం లేదు, భయమూ లేదు. నోట్లో ఏదో పెట్టుకుని మింగకుండా, ఉమ్మకుండా ఉన్న చిన్నపిల్ల మాదిరి ఉంది. అట్లాంటి నోళ్లు నేను చిన్నప్పుడు ఎన్ని చూశానో. గోనెసంచి మీద నుంచి లేచి లోపలికి పోయే ప్రతి నోరూ అట్లాగే ఉండేది.

"ఆదివారం దాకా చెప్పగూడదన్న్యారా?"

ఆమె తల తిప్పి నా మొహం చూడలేదు, నా కాళ్లు చూసింది.

"నేనూ ఎదురుకాళ్లదాన్నే" అన్నాను.

"తెలుసు" అంది. అదే ఆమె నాతో అన్న మొదటి మాట.

"మరి ఇది తెలీదా నీకు? ఎదురుకాళ్లదానికి చెప్తే చెప్పినట్టు కాదు. తొక్కింది కాలు. కాలికే చెప్పినట్టు."

అట్లాంటి కట్టుబాటు ఎక్కడా లేదు. నేను ఎప్పుడూ వినలేదు. అది నా నోట్లోకి ఎట్లా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. అబద్ధం అంటే అబద్ధమే, కానీ చెప్పేటప్పుడు అబద్ధం చెప్తున్నట్టు అనిపించలేదు.

ఆమె ఆ మాటను సంతలో గుడ్డ పట్టి చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఆదివారం లోపల చెప్పినా ఏం కాదా?"

"ఎప్పుడు చెప్పినా."

"నీకెవురు చెప్పినారు?"

"మా అమ్మకు పురుడు పోసిన మంత్రసాని." ఒక అబద్ధం ఆడాక రెండోది ఆడటం ఎంతసేపు.

అప్పుడు చెప్పింది. వాళ్ల వీధిలో ట్రాక్టరు తోలే మనిషి ఒకాయన ఎదురుకాళ్లతో పుట్టాడట. పెద్ద ఒళ్లు. నిన్న తెల్లవారుజామున రెండు కాళ్లతో ఎక్కి నిలబడ్డాడట. ఏదో కదిలినట్టయిందట. లేచేసరికి అంతవరకూ కాలిదాకా గుంజే నొప్పి కనపడలేదు. ఎంత సంబరపడిందో. సాయంత్రానికి కూర్చునే చోటు మొద్దుబారింది. "చాప మీద కూర్చున్యా, బండ మీద కూర్చున్యా ఒకటే మాదిరి ఉండాదక్కా." ఒంటికి పోతున్నది కూడా తెలియడం లేదు. పాత చీరగుడ్డ కట్టుకుని వచ్చింది.

"అది చెప్పాలని నీకు తోచలేదా మే?"

"నొప్పి అట్ల నీళ్లల్లో కలిసి పోతాండాదేమో అనుకున్యా" అంది.

నేను ఇంకేమీ అడగలేదు. తలుపు తీసి సార్ అని పిలిచాను.

ఇక ముందుగదిలో జరిగింది ఆళ్లగడ్డలో చాలా రోజులు చెప్పుకున్నారు. డాక్టరు, బెంచీ మీద కూర్చున్నవాళ్లకు వినపడకుండా, ఆమె మొగుడికి మెల్లగా చెప్పాడు. ఆ మొగుడికి మెల్లగా మాట్లాడడం తెలియదు.

"చెయ్యి పెట్టకుండానే పంపిస్తాండారే. ఈడికి వచ్చింది దేనికి మేము?"

"ఇది చేతులతో అయ్యేది కాదు. నేను చెయ్యి పెడితే ఇంకా చెడుతుంది."

"నొప్పి పోయిందంటే ఆపరేషన్ అంటారా? నొప్పి ఉంటే ఇంకేమంటారు?"

బెంచీ మీద ఒక ముసలి రాతిపనివాడు "అడిగినాడప్పా" అన్నాడు. అందరూ నవ్వారు. డాక్టరు ఒక్కడే నవ్వలేదు. మొగుడు అప్పుడు నా వైపు తిరిగాడు.

"అక్కా, నువ్వొకసారి తొక్కు. ఆయప్ప బరువెక్కువై సగంలో ఆపినాడేమో. మిగతా తిమ్మిరి నువ్వు దించు. నీది మంచి కాలని మా వాళ్లంతా చెప్తారు."

లోపల బల్ల మీద నుంచి ఆమె కూడా తల ఎత్తి చూసింది. బెంచీ మీద కూర్చున్న ఇద్దరు ముగ్గురు నా కాలి కింద పడుకున్నవాళ్లే. వాళ్లూ నన్నే చూస్తున్నారు. డాక్టరు నాకేమీ చెప్పలేదు. తొక్కొద్దని అంటే తేలికగా ఉండేది, ఆయన మీదికి నెట్టేసేదాన్ని.

"అన్నా, ఇంతమందిని తొక్కినా, పోయిందో లేదో ఒక్కరు గూడా నాకు చెప్పలా. తెలీని పని నీ పెండ్లాం మీద నేను చెయ్యను" అన్నాను.

"పోయిందని అందరూ అంటారు గదక్కా."

"నువ్వు ఇట్ల రా."

చెయ్యి పట్టి లోపలికి తీసుకుపోయాను. డాక్టరు చేసినట్టే చేయించాను. ఆమె కాలి బొటనవేలు మీద మొగుడి వేలు పెట్టించి, "పైకి లేపు మే" అన్నాను. ఆమె ఫ్యాను వైపు చూస్తూ పడుకుని ఉంది.

వేలు కదల్లేదు.

"లేపమ్మీ" అన్నాడు ఆయన.

"లేపినా గదా. ఇంకెంత లేపాల?" అంది ఆమె, పైకే చూస్తూ.

ఆయన ఆ కాలిని రెండు చేతుల్లోకి ఎత్తి పట్టుకున్నాడు. తర్వాత కాలిని పసిబిడ్డను దించినట్టు బల్ల మీద దించాడు. "కర్నూలుకు పోవాలంటే బండి దొరుకుతాదా సార్?" అన్నాడు. అంతకుముందు అరిచిన మనిషే, ఇప్పుడు మెల్లగా మాట్లాడాడు.

డాక్టరు తన కారే తీశాడు. వెనక సీట్లో ఆమెను పడుకోబెట్టి తల నా ఒళ్లో పెట్టుకున్నాను. పేర్లు పిలిచే అమ్మాయి బయటికి పరుగెత్తుకొచ్చి, "సార్, ఈళ్లందరికీ ఏం చెప్పాల?" అంది. "జరిగింది చెప్పు" అన్నాడు. మరుసటి రోజు ఆ పిల్ల నాతో అంది: "జరిగింది చెప్తే ఎవురూ కదల్లేదక్కా. సార్‌కు కడుపునొప్పి అన్నా. అయ్యో పాపం అని లేచిపోయినారు."

దారిలో డాక్టరు ఫోనులో ముందే అక్కడివాళ్లకు అంతా చెప్తున్నాడు. మొగుడు ముందు సీట్లో రోడ్డునే చూస్తున్నాడు. శిరివెళ్ల దాటాక ఆమె నన్ను మెల్లగా అడిగింది.

"నీ కాలు ఎట్లుంటాదక్కా? ఒగసారి సూపియ్యి."

చెప్పు విడిచి, కాలు కొంచెం పైకెత్తి చూపించాను. ఆమె తల తిప్పి బాగా చూసింది. పగిలిన మడమ, గోరు నల్లబడిన చిటికెన వేలు.

"మామూలు కాలే" అంది. ఏదో తక్కువైనట్టు.

"మామూలు కాలే మే."

కర్నూలులో డాక్టరు చెప్పినట్టే అయింది. బల్ల మీదికి ఎక్కించీ ఎక్కించకముందే అక్కడి డాక్టరమ్మ అదే ప్రశ్న అడిగింది. ఆమె నా వైపు చూసింది, ఈమెకు చెప్పొచ్చా అన్నట్టు. "నేను చెప్తాలే. నువ్వు చెప్పినట్టు కాదు" అన్నాను. చెప్పాను. పెద్ద స్కాన్ తీశారు. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు.

కాళ్లు వచ్చాయి. అన్నీ ఒక్కసారిగా రాలేదు. ఒంటికి పోయేది తెలియడానికి నెలలు పట్టింది. కుడి పాదం కొంచెం ఈడుస్తుంది, ఇప్పటికీ. నాట్లకు పోవడం మానేసింది. ఇంటి దగ్గరే రెండు గేదెల్ని చూసుకుంటోంది.

మీరు గుర్తు పెట్టుకోవాల్సింది ఒకటుంది. నడుము నొప్పితో పాటు కూర్చునే చోటు మొద్దుబారినా, ఒంటికి రెంటికి పోయేది తెలియకపోయినా, కాలు మాట వినకపోయినా, టక్కుమనిపించే డాక్టరు దగ్గరికి కాదు, ఎదురుకాళ్లవాళ్ల దగ్గరికీ కాదు, నేరుగా పెద్దాసుపత్రికి పోవాలి, ఆ రోజే. నొప్పి ఉన్నట్టుండి పోతే సంబరపడకముందు కాలి వేలు లేపి, కళ్లతో చూసుకోండి.

ఆ ట్రాక్టరు మనిషి తొక్కినందుకే అట్లా అయిందా అని డాక్టరును అడిగాను. "అప్పటికే జారి ఉండొచ్చు. తొక్కకపోయినా అయ్యేదేమో. తొక్కినందుకే అని చెప్పలేను, కాదని కూడా చెప్పలేను" అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఇంత చదివి తెలియదంటే ఎట్లా అని. తర్వాత అనుకున్నాను, తెలియదు అని చెప్పిన మనిషి నా ఎరుకలో ఆయన ఒక్కడే. ఆ రోజు నుంచి నన్ను తొక్కమని వచ్చినవాళ్లను నేను అడగడం మొదలుపెట్టాను. పడ్డావా, మొద్దుబారిందా, కాలు లేస్తుందా అని. అడిగితే జనం వింతగా చూసేవాళ్లు. నేను అడగడంతోనే సగం మంది లేచిపోయేవాళ్లు. మిగిలినవాళ్లు చెప్పింది విన్నాక నాకే కాలు ఆడేది కాదు.

చాలా రోజులకు ఆమె మళ్లీ ఆళ్లగడ్డ గదికి వచ్చింది. కర్ర పట్టుకుని, మొగుడితో. నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"అక్కా, ఒగ మాట. ఆ కట్టుబాటు నిజమేనా?"

"ఏ కట్టుబాటు?"

"ఎదురుకాళ్లదానికి చెప్తే చెప్పినట్టు కాదని. మా ఊళ్లో పెద్దోళ్లందరినీ అడిగినా. ఎవురికీ తెలీదు."

ఇంక దాచి ఏం లాభం. "నేనే పెట్టినా" అన్నాను.

 "అనుకున్యాలే" అంది. "అందుకే ఈ కాలు ఈడుస్తాండాది. ఆదివారం లోపల నోరిప్పినా. ఇప్పకపోయింటే రెండు కాళ్లూ బాగుండేటివి."

"ఇప్పకపోయింటే నిన్ను చక్రాల బండిలో కూసోబెట్టి తోస్తాంటి" అన్నాడు మొగుడు.

"నీకేం తెలుసు? నువ్వు తొక్కించుకున్యావా?"

ఆయన నా వైపు చూసి చేతులు ఎత్తేశాడు. నేను ఆమెతో వాదించలేదు. ఏమని వాదించాలి? ఆమె చెప్పేదాన్ని కాదనడానికి ఇంకొక ఆమె కావాలి, అదే నడుముతో, అదే రోజున, నోరిప్పకుండా ఉన్నది. అట్లాంటి మనిషి లేదు కాబట్టి ఆమె మాట ఆమెది, నా మాట నాది. డాక్టరు మాట వేరే.

కోపంగా ఉందేమో, వెళ్లిపోతుందేమో అనుకున్నాను. వెళ్లలేదు. కర్రను గోడకు ఆనించి, వాకిట్లోకి చూసి, "లోపలికి రా మే, ఆడ ఎండలో ఏం చేస్తాండావ్" అని పిలిచింది. ఇంకొక ఆడమనిషి వచ్చింది, చిన్న వయసు, నడుము మీద చెయ్యి పెట్టుకుని.

"మా పక్కింటిది. నడుము పట్టేసింది. మొన్న తొక్కించుకున్యాది కూడా" అని చెప్పి, ఆ పిల్లను నా పక్కన కూర్చోబెట్టింది. "ఇంకా ఆదివారం కాలేదు. అయినా అంతా చెప్తాది. చెప్పు మే ఈ అక్కకు. ఒంటికి పోయే సంగతి గూడా చెప్పు. సిగ్గు పడగాకు."

ఆ పిల్ల ఆమె ఈడ్చే పాదం వైపు చూసింది. నా పాదం వైపు చూసింది. తర్వాత చెప్పింది, అడగకముందే, అన్నీ.

ఆ పిల్లకు ఏ ప్రమాదమూ లేదు, కండ పట్టేసింది, అంతే. డాక్టరు రెండు మూడుసార్లు చూసి పంపించాడు. కానీ ఒకటి నాకు అంతుబట్టదు. నోరిప్పితే కాలు పోతుందని నమ్మే మనిషి, ఇంకొకరిని చెయ్యి పట్టి తీసుకొచ్చి నోరిప్పించింది. ఎందుకు అని అడగాలని ఉండేది. అడిగే లోపల గది మూసేశాం.

ఇంతే అమ్మాయ్. రాయడం అయిందా? చెయ్యి నొప్పి పెడితే విదుల్చుకో. ఇప్పుడు చదువు, వింటాను. మొదటి నుంచి వద్దు, అదంతా నేను చెప్పిందే. ఆమె బల్ల మీద పడుకుని ఏమీ మాట్లాడకుండా ఉన్న చోటు ఉంది చూడు, అక్కడ చదువు. మాట లేని చోట నువ్వు ఏం రాసుకున్నావో వినాలి.